వారమంటే ఎన్ని రోజులు

డ్రిల్లు మాస్టారంటే బడిలో అందరికీ కాస్త చులకనే. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసు మన నెత్తిన పడుతుంది. ఇన్‌స్పెక్టరు వస్తే తోరణాలు కట్టించే పనీ మనదే. ముప్ఫై ఏళ్ళు అదే ఉద్యోగం చేసి రిటైరయ్యాను, నాకేమీ బాధ లేదు. ఇప్పుడు ఇదే ఉద్యోగంలో చేరుతున్న కుర్రవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మా ఊళ్ళో ఇంకో చెడుగుడు జట్టు పెడితే నిలుస్తుందా మాస్టారూ, ఊరు చూస్తే చిన్నది" అని అడుగుతుంటారు. ప్రతివాడికీ ఈ కథంతా నోటితో చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను. చదివి మీరే తేల్చుకోండి.

రెండో యుద్ధానికి ముందు సంగతి. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఓ మూల తాలూకా. నాది ఒంగోలు వైపు పల్లె. నేను "వచ్చాడు, పోయాడు" అంటే పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళకు అది "వచ్చినాడు, పోయినాడు". చేరిన వారంలోనే నాకు "డిల్లయ్యవారు" అని పేరు పెట్టారు. ఊరు వదిలేదాకా అదే నా పేరు.

ఊరికి చెడుగుడు అంటే ప్రాణం. గీత దాటి అవతలి బరిలోకి పోయి, ఒక్క ఊపిరిలో కూత పెడుతూ ఎవర్నైనా తాకి, కూత తెగకముందే తిరిగి రావాలి. ఇంతే ఆట. ఇంతకే గిద్దలూరు వాళ్ళకూ మార్కాపురం వాళ్ళకూ ఏడాది పొడుగునా మాటలుండేవి కావు. ఊరికి ఏడుగురితో ఒక జట్టు ఉండేది. వాళ్ళకు ఆటే పని. పొద్దునా సాయంత్రం సాధన చేసి, ఏ తిరునాళ్ళకు పిలిస్తే ఆ తిరునాళ్ళకు పోయి ఆడి వచ్చేవాళ్ళు. ఆటల సంఘం వాళ్ళకు పంచెలూ చిన్న జీతమూ ఇచ్చేది. తిండి మాత్రం ఊరిదే. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు రోజులూ ఏడు ఇళ్ళు. ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే నేనూ వారాలు చేసుకుని చదువుకున్నవాణ్ణే. రోజుకొక ఇంట్లో తిని హైస్కూలు గట్టెక్కాను. శనివారం వారం ఇచ్చిన ఇల్లాలు వడ్డించిన కందిపచ్చడి రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

ఒక సాయంత్రం ఊరి బయట పలకల షెడ్ల వైపు షికారు వెళ్ళాను. మార్కాపురం పలక గురించి మీకు చెప్పక్కర్లేదు. మీరంతా దాని మీదే అక్షరాలు దిద్దుకున్నారు. షెడ్ల వెనక పలక ముక్కల దిబ్బ పక్కన పనివాళ్ళు చెడుగుడు ఆడుతున్నారు. ఎక్కువమంది, ఊరు అంటరానివాళ్ళని దూరం పెట్టిన క్రైస్తవుల పాలెం వాళ్ళు. తల నుంచి పాదాల దాకా బూడిదరంగు దుమ్ము. వాళ్ళలో ఒకడు కూతకు దిగాడు. సన్నటి మనిషి, ఇరవై రెండేళ్ళుంటాయి. ఆ కూత మొదలై ఎంతసేపటికీ ఆగదు. నేను చూస్తూ చూస్తూ నా ఊపిరి కూడా బిగపట్టి, తట్టుకోలేక వదిలేశాను. అతను మాత్రం ముగ్గుర్ని తాకి తీరిగ్గా వెనక్కి వచ్చాడు. వాళ్ళంతా అతన్ని కూతగాడు అనే పిలిచేవాళ్ళు. నేనూ ఆ పేరుతోనే చెబుతాను.

"ఇంత దమ్ము ఎక్కడిదయ్యా నీకు?" అని అడిగాను.

"ఏమో అయ్యవారూ. పలక రుద్దేటప్పుడు దుమ్ము లోపలికి పోకుండా ఊపిరి బిగబట్టి బిగబట్టి అట్ల అలవాటైపోయినాది."

అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నాతోపాటు కొంతదూరం నడిచాడు.

"ఎంత బిగబట్టినా శానా పోతాది లోపలికి. మా నాయన, మా పెదనాయన ఇద్దరూ దగ్గి దగ్గే పోయినారు. ఇంకో రెండు మూడేండ్లు ఆ షెడ్డులో కూచుంటే నాకూ కూత ఉండదు. దమ్ముండగానే నన్ను ఆటలో పెట్టుకోండయ్యవారూ. ఇంకేమీ అడగను."

ఊరి జట్టులో ఖాళీ లేదు. ఉన్నా, ఆ జట్టుకు వారాలిచ్చే ఏడు ఇళ్ళల్లో ఒక్కటీ అతనికి గడప మీద విస్తరి వేసేది కాదు. ఇది నాకు తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. అందుకే రెండో జట్టు అన్న ఆలోచన పుట్టింది. ఏడుగురూ షెడ్ల వాళ్ళే, ఏడుగురూ దుమ్ములోంచి బయటపడతారు.

ఆటల సంఘానికి పెద్ద ఒక ప్లీడరుగారు. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. మంచివాడే కానీ, కాఫీ ఇచ్చినా ఎదుటివాడి సాక్ష్యం తీసుకున్నాకే తాగే మనిషి.

"మాస్టారూ, ఇదేమన్నా మద్రాసు పట్నమా? ఉన్న ఒక్క జట్టుకే ఊరు ఆపసోపాలు పడతావుంది. రెండో దాన్ని ఎవురు మోస్తారు?"

"ఊరే మోస్తుందండీ."

"అట్లనా. అయితే పదిహేను రోజుల్లో ఏడు ఇండ్లు తీసుకురాండి. ఎవురెవురు పెడతారో పేర్లతో సహా. ఆ పైన మొదటి రోజే మన జట్టుతో ఆడించి గెలిపించి చూపించండి. రెండూ కుదిరితే నేను అడ్డం రాను. కుదరకపోతే మళ్ళా ఈ మాట నా ముందర ఎత్తకూడదు."

నేను గొప్పగా ఒప్పుకుని వచ్చేశాను. మర్నాటి నుంచి తెలిసింది ఎంత పనో. బజారులో ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన ఇంట్లో ఆవిడకు ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ మాట అంటుండగానే వెనక ఆవిడ రోట్లో మిరపకాయలు దంచుతున్న ఘాటుకు మాకిద్దరికీ తుమ్ములు వచ్చాయి. ఇంకొకాయన, "ఇప్పుడు తింటా ఉండే జట్టు ఏం గెలిసి సచ్చినాదని?" అని ఎదురడిగాడు. పది రోజులు తిరిగితే దొరికినవి మూడు. బెల్లం శెట్టిగారు సోమవారం ఇచ్చారు, అరుగు మీద పెట్టేటట్టు. పలకలకు చట్రాలు బిగించే సాయిబుగారు శుక్రవారం ఇచ్చి, "మా ఇంట్లో లోపల కూచోని తినాల. అరుగు మీద పెడితే నాకే నామోషీ" అన్నారు. మూడోది మా ఇల్లే. మా ఆవిడ బుధవారం తీసుకుంది. "వెనక వసారాలో పెడతాను" అంది. లోపల అనలేదు, నేనూ అడగలేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంకా నాలుగు కావాలి. గడువు దగ్గరపడింది. చివరికి పాలెం వెళ్ళాను. అసలు ముందు అక్కడికి పోలేదు, కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇళ్ళు, ఏడుగురికి ఏం పెడతారని. కూతగాడి పెద్దమ్మ ఒకామె ఉండేది. మొగుడు దగ్గుతో పోయాక షెడ్డులో పలకలు ఏరే పని చేసేది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను. ఆ రోజు మా మధ్య నడిచిన మాటలు అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత వాటి గురించి పెద్ద విచారణే జరిగింది.

"పెద్దమ్మా, ఈ ఏడుగురికీ ఒక వారం ఇస్తే చాలు."

"వారమా అయ్యవారూ?"

"వారమే. ఒక్కో ఇల్లు ఒక్కో వారం. నాకు నాలుగు ఇళ్ళు కావాలి."

"ఏడుగురికా?"

"ఏడుగురికీ."

ఆమె లేచి పోయి ముగ్గురు ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. నలుగురూ గోడ చాటున మాట్లాడుకున్నారు. ఒకామె వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. ఇంకొకామె ఇంట్లోకి పోయి జొన్నల కుండ మూత తీసి చూసుకుని వచ్చింది. తర్వాత నలుగురూ తలమీద కొంగులు కప్పుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నారు. ఒక రోజు అన్నానికి ఇంత ఆలోచనా అని నాకు లోపల కొంచెం విసుగు కూడా వచ్చింది.

"సరే అయ్యవారూ. సోమవారం నుంచేనా?"

"సోమవారం నుంచే మొదలు."

"అట్లయితే మొదటి వారం నాది."

పాలెం వాళ్ళల్లో మొదటిది ఆమెదన్నమాట అనుకుని, శెట్టిగారి సోమవారం తర్వాత మంగళవారం పక్కన పెద్దమ్మ అని రాసుకున్నాను. మిగిలిన ముగ్గురికీ గురువారం, శనివారం, ఆదివారం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఈల ఊదుకుంటూ ఇంటికి వచ్చాను. ఊళ్ళో మూడు ఇళ్ళు ముందే కుదిరాయని, ఎవరి రోజు ఏదని పాలెంలో చెప్పానా అంటే చెప్పలేదు. వాళ్ళు అడగలేదు కదా అని.

సోమవారం వచ్చింది. సాయంత్రం బడి వెనక మైదానంలో పలక పొడితో గీతలు గీయించాను. ఊరు ఊరంతా వచ్చింది. కొమరోలు నుంచి ఎద్దులు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా బేరం ఆపి వచ్చి నిలబడ్డారు. ప్లీడరుగారు కుర్చీలో కూర్చుని గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు. ఈల నా చేతిలో ఉంది.

మా మొదటివాడు కూతకు దిగాడు. "చెడుగుడు చెడుగుడు చెడు" అన్నాడు, అక్కడ ఒక పెద్ద త్రేన్పు వచ్చింది. కూత తెగినట్టే. ఈల ఊదాను. జనం నవ్వారు. రెండోవాడు నాలుగు అడుగులు వేసి డొక్క పట్టుకుని నిలబడిపోయాడు. మూడోవాడు వంగలేకపోయాడు, వంగినవాడు లేవలేకపోయాడు. దిబ్బ పక్కన చిరుతల్లా తిరిగేవాళ్ళు నిండు చూలాళ్ళలా నడుస్తున్నారు. నాకు కారణం అంతుపట్టలేదు. జనంలో నవ్వు ముదిరి ఈలలు, కేకలు మొదలయ్యాయి. సంఘంవాళ్ళ జట్టు కూడా నవ్వాపుకోలేక రెండుసార్లు పట్టు వదిలేసింది. ఆ పుణ్యాన ఆట చివరిదాకా నిలిచింది.

ఆఖరి కూత మా కూతగాడిది. గీతను చేరితే గెలుపు మాది. లోపలికి పోయి ఇద్దర్ని తాకాడు, తిరిగి వస్తుంటే నలుగురు కాళ్ళ మీద పడ్డారు. నలుగుర్నీ ఈడ్చుకుంటూ మోచేతుల మీద పాకుతూ వస్తున్నాడు. కూత సన్నగిల్లింది కానీ ఆగలేదు. జనం నవ్వు మానేసి లేచి నిలబడ్డారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని అతని నోటి దగ్గర చెవి పెట్టాను. గీతకు బెత్తెడు దూరంలో, కూత మధ్య చిన్న ఎక్కిలి వచ్చింది. వెంటనే కూత అందుకున్నాడు, చెయ్యి గీత మీద పడింది. మైదానం హోరెత్తింది.

ఆ ఎక్కిలి నేనొక్కణ్ణే విన్నాను. ఊదకపోతే ఎవరికీ తెలియదు. ఏడుగురి బతుకు నా పెదవుల దగ్గర ఉంది. అయినా ఈల ఊదాను. ఎందుకు ఊదావని మా ఆవిడ తర్వాత రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఊదకుండా ఉంటే ఇంక జన్మలో ఊదలేననిపించింది, అంతే.

కూతగాడు దుమ్ములోంచి మొహం పైకెత్తి నన్ను చూశాడు.

"తెగినాది అయ్యవారూ. నిజమే" అన్నాడు.

ప్లీడరుగారు లేచి వచ్చారు. "చూసినారు కదా మాస్టారూ. ఈ ఆటకు కావాల్సింది దమ్ము. మీ వాళ్ళకు అదే లేదు."

"దమ్ము ఉండాది సామీ" అన్నాడు కూతగాడు, ఇంకా నేల మీదే కూర్చుని. "కడుపులోనే సోటు లేదు. మధ్యాన్నం శెట్టి ఇంటికాడ పప్పు, నెయ్యి, బూరెలు. ఆడ చెయ్యి కడుక్కుంటిమో లేదో మా పెద్దమ్మ పిలిపించినాది. సంగటి చేసి, కోడిని కోసి కూచోనుండాది. తినకుండా ఎట్ల వస్తాం? ఇంక బరిలోకి దిగే ముందర అయ్యవారమ్మ తలా రెండు సున్నుండలు పంపించినాది."

మా ఆవిడ సున్నుండల సంగతి నాకు తెలుసు. పెద్దమ్మ సంగతి తెలియదు. జేబులో కాగితం తీసి చూశాను. పెద్దమ్మది మంగళవారం. ఆమె రోజు పొరపాటు పడిందని చెప్పాను. ప్లీడరుగారు ఊరుకుంటారా? సాక్షిని చూడాల్సిందే అన్నారు. గొడుగు పట్టుకుని ఆయన ముందు, కాగితం పట్టుకుని నేను వెనక, పొద్దు వాలకముందే పాలెం చేరాం.

పెద్దమ్మ వాకిట్లో తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది.

"పెద్దమ్మా, నీ వారం రేపు కదా. ఇవాళ వండావేం?"

"ఇయ్యాలా నాదే, రేపూ నాదే గదా అయ్యవారూ. ఆదివారం దాంకా నాదే. పై సోమవారం నుంచి ఆ ఎదురింటామెది. రేపటి పిండే ఇది. కోడి మాత్రం రేపు ఉండదు, చింతపండు సారే."

నాకు ఇంకా వెలగలేదు. ప్లీడరుగారికి వెలిగింది. ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"వారమంటే ఎన్ని రోజులమ్మా?"

ఆమె ఆయన వైపు జాలిగా చూసింది. "ఏడు దినాలు గదా సామీ. సదువుకున్నోళ్ళు, మమ్మల్ని అడుగుతారేంది? నెలకు నాలుగు వారాలు. మేము నాలుగిండ్లు. అయ్యవారు నాలుగిండ్లే అడిగినాడు, లెక్క సరిపోయినాదని ఒప్పుకుంటిమి."

అప్పటికి వెలిగింది నాకు. వారాలు చేసుకుని చదివినవాడికి వారమంటే ఒక ఇంట్లో ఒక రోజు. ఆ పద్ధతే ఎరగని పాలెంలో వారమంటే వారమే. ఏడుగురు మొగవాళ్ళకు ఏడు రోజుల తిండి, అదీ ప్రతి నెలా, ఇంటింటికీ నేను అడిగానని వాళ్ళు అనుకున్నారు. అలా అనుకుని, కుండలో జొన్నలు చూసుకుని, ప్రార్థన చేసుకుని, సరే అన్నారు. బజారులో ఒక్క రోజు తిండికి పది రోజులు తిరిగినవాణ్ణి నేను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వారానికి ఒక్క రోజే అని, ఊళ్ళో ఇంకో మూడు ఇళ్ళు కూడా ఉన్నాయని. ఆమె తిరగలి ఆపింది.

"ఒక దినమేనా?"

"ఒక్క రోజే పెద్దమ్మా."

ఖాళీగా ఉన్న కోళ్ళ గంప వైపు ఒకసారి చూసింది. గుడ్లు పెట్టే కోడట అది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ మాట ముందే చెప్పుంటే, ఇంకో జట్టుకు గూడా ఒప్పుకుందుము గదా అయ్యవారూ."

ప్లీడరుగారు ఎండ లేకపోయినా గొడుగు విప్పారు, మళ్ళీ ముడిచారు. దారిలో సగం దూరం వచ్చాక అన్నారు: "రెండో జట్టు ఉంటాది మాస్టారూ. పాలెంలో ఒక ఇల్లు తగ్గించండి. మంగళవారం మా ఇంట్లో."

"అరుగు మీదా, లోపలా?" అని అడిగేశాను. ఆ రోజు నాకు ధైర్యం ఎక్కువైంది.

"మా అమ్మ ఉండాది కదా. ముందు అరుగు మీద మొదలుపెడదాం" అన్నారు, నేల చూస్తూ.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. బుధవారం నేను బడి నుంచి వచ్చేసరికి ఏడు విస్తళ్ళు నడవలో, లోపల వేసి ఉన్నాయి.

రెండు జట్లూ యుద్ధం ముదిరేదాకా ఆడాయి. ఇవి రెండూ తలపడిన రోజు దొనకొండ నుంచి, యర్రగొండపాలెం నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఊళ్ళోనే పోట్లాడుకోవడానికి రెండో జట్టు దొరికాక మొదటి జట్టుకూ వారాలు పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇక ఆట రోజున ఒకే ఒక్క ఇంట్లో తినాలని మాత్రం నేను కొత్త రూలు పెట్టాను.

కూతగాడు మళ్ళీ షెడ్డు మొహం చూడలేదు. ఆడే రోజులు అయిపోయాక మా బడిలోనే బంట్రోతుగా చేరాడు. గంట కొట్టడం అతని పని. అతనితో కూర్చుని పలకలు రుద్దినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గుతో వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు మాత్రం అతను నవ్వడు.

మొన్నీ మధ్య నన్ను చూడటానికి వచ్చాడు. మాది మేడమీద వాటా. మెట్లన్నీ ఎక్కి వచ్చి, కుర్చీ కూడా చూసుకోకుండా మాటల్లో పడ్డాడు. నేను గది దాటి వచ్చేసరికే రొప్పుతున్నాను. మా ఆవిడ సున్నుండలు పెట్టింది.

"ఆ పొద్దు మీరు ఈల ఊదకుండా ఉంటే గెలిచేవాళ్ళం అయ్యవారూ" అన్నాడు, రెండోది తీసుకుంటూ.

"ఇన్నాళ్ళకు అడుగుతున్నావా?"

"అడగడం కాదు. గెలిచుంటే ప్లీడరు సామి కుర్చీలోంచి లేసి ఇంటికి పోయేవాడు. పాలెం దాంకా వచ్చేవాడు కాదు గదా."

చీకటి పడకముందే బస్సు ఉందని లేచాడు. నేను వరండాలో నిలబడ్డాను. కిందికి దిగి, వీధిలోకి పోయి, పైకి చూసి చెయ్యి ఊపాడు. తర్వాత నా కోసమే అన్నట్టు కూత అందుకున్నాడు. అరవై దాటిన మనిషి, చంకలో సంచితో, చెడుగుడు చెడుగుడు అనుకుంటూ నడిచిపోతుంటే వీధిలో వాళ్ళు ఆగి చూశారు. మలుపు తిరిగేదాకా చెవి పెట్టి విన్నాను. కూత తెగలేదు.